ఆకు మందు

కాలేజీ హాస్టలుకి వెళ్ళే పిల్ల పెట్టెలో శొంఠిపొడి పెట్టామంటే, "ఇవన్నీ ఎవరు తాగుతారమ్మా!" అని నవ్వుతుంది. అలా నవ్వని ఇంగ్లీషు వైద్యుడొకాయన ఉన్నాడు.

1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తోబుట్టువులిద్దరిని పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన్నీ పట్టుకుంది. లేపి కూచోబెట్టింది ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదం! ఆయుర్వేద కళాశాల కుర్రాళ్ళకి శరీరశాస్త్రం చెబుతూ, ఈ మందులెలా పనిచేస్తున్నాయని ఆయన తరచి చూశారు.

తరవాత అమెరికా వెళ్ళారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి మందు దొరికింది! ఇప్పుడు కడుపుతో ఉన్న మన పిల్లలకి డాక్టరమ్మ రాసిచ్చేదీ అదే. ఆ పేరు లాటిన్‌లో "ఆకు" అన్న మాటనుంచే వచ్చిందట.

ఆకుని వెక్కిరించలేదు, కళ్ళు మూసుకుని నమ్మనూ లేదు ఆయన. "ఎందుకు నయమైంది?" అని అడిగారు. తోబుట్టువులకి అందని మందు, మన మనవలదాకా అందింది.