కాలకేయులను పేరు

2015లో వెలువడిన బాహుబలి చలనచిత్రమున కాలకేయులను జాతివారు కిలికి యను భాష మాటలాడుదురు. అఱవకవి మదన్ కార్కి దానిని సుమారు 750 పదములతోను, 40 వ్యాకరణ నియమములతోను గల్పించెను. భాష క్రొత్తది, జాతిపేరు మాత్రము మహాభారతమునందలిది. కల్పించువారికిని ప్రాఁతభాష యండ కావలయును గాఁబోలు! తార్నాకచెంతనున్న యుస్మానియా విశ్వవిద్యాలయమునకై 1917లో నేర్పడిన యనువాదశాఖయు నుర్దూలో శాస్త్రపదములు గూర్చునపుడు అరబ్బీ, పారసీక భాషల నాశ్రయించినదే.

కాలకేయులనఁగా నల్లనివారని తలఁచువారు గలరు. చిత్రమున వారిని నల్లని దేహములతోఁ జూపుటయు నా తలఁపునకు దోహదమైనది. కాని చదువరులారా, ఇది వన్నెను దెలుపు పేరు గాదు, తల్లిని దెలుపు పేరు. వినత కొడుకు వైనతేయుఁడు, కుంతి కొడుకు కౌంతేయుఁడు, కాలక సంతతివారు కాలకేయులు. ఈ ప్రత్యయమును పాణినియే విధించెను. వనపర్వమున పులోమ, కాలక యను నసురస్త్రీ లిరువురు వేయి దివ్యవర్షములు తపస్సు చేసి, తమ బిడ్డలకై హిరణ్యపురమను నాకాశనగరమును వరముగాఁ బడసిరి. ఆ నగరమును గూల్చి కాలకేయులను జంపినవాఁడు అర్జునుఁడు, అనఁగా మఱియొక తల్లిపేరు మోయువాఁడు! వారు సముద్రమున దాఁగి, రాత్రులు మునులను జంపిరని యా పర్వమే చెప్పుచున్నది. దోషము చేఁతలది, చర్మముది గాదు. నల్లని బిడ్డ నీ పేరునఁ బరిహసించువారికి వ్యాకరణమును రాదు, భారతమును రాదు.

కిలికి చిత్రముతోనే ముగియలేదు. 2020 ఫిబ్రవరి 21న, మాతృభాషా దినమున, లిపితోఁగూడ నంతర్జాలమునఁ బ్రకటితమైనది.