మాచిపత్రియా? వయ్యారిభామయా?

చెన్నపట్టణమునకు పడమట, తిరువళ్ళూరు దాటిన తరువాత, కొసస్థలై నది మీద పూండి జలాశయము ఉన్నది. 1944లో పూర్తియైన ఈ జలాశయమునకు, ఆ పనికి పూనుకొన్న మేయరు సత్యమూర్తి గారి పేరు పెట్టినారు. పొరుగున ఉన్న తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిది. 1996లో కండలేరు నుండి తెలుగుగంగ కాలువ వెంట కృష్ణాజలము చేరినదియు ఈ పూండికే. కనుక చెన్నపట్టణపు తెలుగువారికి ఈ పేరు కొత్త కాదు.

ఈ ప్రాంతపు బీళ్ళలోను, రోడ్ల ప్రక్కను చిన్న చిన్న తెల్లని పూలతో గుబురుగా పెరుగు మొక్క ఒకటి కలదు. ఆకులు చీలికలుగా ఉండుట చూచి, వినాయక చవితికి మాచిపత్రి దొరకినదని కోసికొనువారు లేకపోలేదు. ఏకవింశతి పత్రములలో మొట్టమొదటిది మాచీపత్రమే గదా! రెండును చామంతి కుటుంబములోనివే. ఒక్క పువ్వుగా కనబడునది నిజమునకు అనేకమైన చిన్నిపూల కూటమి యగుట ఆ కుటుంబపు లక్షణము. కాని బీటిలో కోసినది మాచిపత్రి కాదు, వయ్యారిభామ.

దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రదేశము. 1753లో లిన్నేయసు దీనికి పార్థీనియం హిస్టిరోఫోరస్ అని శాస్త్రనామము పెట్టెను. మన దేశమున ఇది పూనా ప్రాంతములో వ్యాపించుచున్నదని 1956లో గుర్తించినారు. పరదేశపు గోధుమలతో వచ్చినదని పలువురి అభిప్రాయము. అంతకు పూర్వమే ఇక్కడ ఉన్నదనువారును కలరు. ఒక్కొక్క మొక్క వేలకొలది విత్తనములు రాల్చును. పశువులు సాధారణముగా దీనిని ముట్టవు. తాకినవారిలో కొందరికి ఒడలు దద్దురులెక్కును. పుప్పొడి కొందరికి తుమ్ములు, ఆయాసము తెచ్చును. దీనిని తిను పెంకుపురుగులను మెక్సికో నుండి తెప్పించి, 1984లో బెంగుళూరు ప్రాంతమున విడువవలసి వచ్చినది.

ఆనవాళ్ళు కష్టమైనవి కావు. మాచిపత్రి ఆకు అడుగుభాగము తెల్లని నూగుతో బూడిద పూసినట్లుండును. నలిపిన ఘాటైన సువాసన వచ్చును. పూలు కంటికి ఆనవు. వయ్యారిభామ ఆకు రెండు వైపులా పచ్చనే. పూలు తెల్లని గుండీలవలె విరివిగా కనబడును. అన్నిటికంటె పెద్ద ఆనవాలు నేల. మాచిపత్రి కొండసీమల మొక్క. మైదానపు బీటిలో దానంతటది విరివిగా మొలిచినచో సందేహింపవలెను. ముందు పుల్లతో ఆకు తిరగవేసి చూడుడు. తెలుపు కనబడిన పిమ్మటనే చేత నలుపుడు.

ఇది పూజకు మాత్రమే చెందిన మాట కాదు. మాచిపత్రికి దాయాదియైన ఒక మొక్క చీనా దేశమున ఉన్నది. పాత వైద్యగ్రంథములలోని పేరు ఏ మొక్కదో తేల్చుకొని, దాని నుండి 1972లో మలేరియా మందు తీసిన బృందమునకు నాయకురాలు తూ యూయూ. ఆమెకు 2015లో నోబెలు బహుమానము వచ్చినది. పేరొకటి, మొక్క వేరొకటి యైనచో ఆ మందు దొరకెడిది కాదు.

ఈ చైత్రమున దేవునికి సమర్పించు దవనము కూడ మాచిపత్రికి చెల్లెలే. ఊరు విడిచి వచ్చిన మనకు ఈ పేర్లు పూజా పుస్తకములో మిగిలినవి. మొక్కలు పిల్లల కంట పడుట అరుదైనది. మాచిపత్రి కొమ్మ నాటినను బ్రతుకును. ఈ ఉగాదికి ఒక కుండీలో నాటిన, చవితి నాటికి పత్రియు సిద్ధము, పిల్లలకు ఆనవాలును సిద్ధము.