మూడు గంటల పెళ్లి క్యాసెట్

ఆగస్టు 19 ఫొటోగ్రఫీ పుట్టినరోజు. 22 మద్రాసు పుట్టినరోజు. తేదీల మధ్య మూడు రోజులే గానీ ఏళ్లలో సరిగ్గా 200 తేడా. దామెర్ల నాయకులు ఈ సముద్రపొడ్డు ఇసుకనేలను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చింది 1639లో. డాగెర్ కనిపెట్టిన ఛాయాచిత్ర విద్యను పారిస్‌లో లోకానికి వెల్లడించింది 1839లో. చాలాసార్లు ఈ రోజుల్లోనే శ్రావణ ముహూర్తాలూ వచ్చిపడతాయి. “మద్రాసు వారోత్సవాలకి ఏదైనా రాయండి, పెళ్లిళ్ల రోజులు కూడా కాబట్టి కాస్త సందడిగా ఉండాలి” అని సంపాదకులవారి ఆజ్ఞ. అందుకని చెన్నపట్నంలో తెలుగువారి పెళ్లి బొమ్మకెక్కిన కథ.

మొదటి 200 ఏళ్లకీ చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పట్లో పెళ్లి బొమ్మ కావాలంటే దేవుడై పుట్టాలి. హంపి విరూపాక్షాలయం కప్పు మీద గిరిజా కల్యాణం ఉంది, లేపాక్షి గుడిలో శివపార్వతుల పెళ్లి ఉంది. మామూలు మనిషి పెళ్లి అప్పగింతలతో అయిపోయేది. ఆ తర్వాత మిగిలేవి జ్ఞాపకాలూ, అప్పులూ. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరుగారు మద్రాసులో చిత్రకళల బడి పెట్టాడు. 1856లో లిన్నేయస్ ట్రైప్ ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన మదురై గోపురాలు తీశాడు, తంజావూరు పెద్దగుడి శాసనాలు తీశాడు. ఆనాటి కెమెరాకి కదలని రాళ్లే కావాలి. తలంబ్రాలు పోసుకునే చేతులు దానికి అందేవి కావు.

ఆ తర్వాత స్టూడియో పటం. పెళ్లయిన కొన్నాళ్లకి దంపతులు ముస్తాబై మౌంట్ రోడ్డుకి వెళ్లేవారు. ఆయన కుర్చీలో, ఆవిడ పక్కన నిలబడి, వెనక తెర మీద ఎవరూ చూడని సీమ తోట. నవ్వకూడదు, కదలకూడదు. అలాంటి స్టూడియో నడిపిన తెలుగువాడే బందరు నుంచి వచ్చిన రఘుపతి వెంకయ్యనాయుడు. బొమ్మ కదులుతూ మాట్లాడుతుందని విన్నాక ఆయన కాలు నిలవలేదు. స్టూడియో తాకట్టు పెట్టి, 30,000 రూపాయలు పోసి గామాంట్ కంపెనీ వారి క్రోనోమెగాఫోన్ తెప్పించాడని చెబుతారు. 1910 ప్రాంతంలో విక్టోరియా పబ్లిక్ హాల్లో ప్రదర్శన. తెర మీద బొమ్మ ఆడుతుంటే దానికి జతగా రికార్డు మీద నుంచి శబ్దం వచ్చేది. గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు, 1921లో కొడుకు ప్రకాశ్ చేత తీయించిన ‘భీష్మ ప్రతిజ్ఞ’, తెలుగు సినిమా పితామహుడన్న బిరుదు, అవన్నీ తర్వాతి మాట. బొమ్మ ఒకచోటా శబ్దం ఒకచోటా పుట్టి తెర దగ్గర కలిసే ఆ పద్ధతే, 75 ఏళ్ల తర్వాత మన పెళ్లి క్యాసెట్ల కొంప ముంచుతుందని ఆయనకేం తెలుసు!

మధ్యలో కోడంబాకం సినిమా వచ్చింది. 1952లో ‘పెళ్లిచేసి చూడు’, 1955లో ‘మిస్సమ్మ’, 1957లో ‘మాయాబజార్’. పెళ్లి లేకపోతే వీటిని తీసిన విజయా సంస్థవారికి పొద్దుపోయేది కాదేమో. అసలు పెళ్లి, దొంగ పెళ్లి, మాయ పెళ్లి, మూడూ తీశారు. ‘మాయాబజార్’లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. ఎవరికేది ప్రియమో తెరిచినవారికి అదే కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు. ఇప్పటి పెళ్లి ఫిల్ముల వాళ్లు “మీ కథను మీకోసం ప్రత్యేకంగా” అంటూ లక్షల్లో అమ్మజూపుతున్నది ఆ పెట్టెనే. ‘మాయాబజార్’ రాసిన పింగళివారు దాన్ని సినిమా టికెట్టు డబ్బులకే ఇచ్చారు.

ఇక నాకిష్టమైన చోటికి వచ్చాం. 1982లో ఢిల్లీ ఏషియాడ్ పుణ్యమా అని రంగుల టీవీ వచ్చింది, వెనకే వీసీఆర్ వచ్చింది. నాలుగైదేళ్లు తిరక్కుండానే మద్రాసు కల్యాణ మండపాల్లో కొత్త చుట్టమొకడు ప్రత్యక్షమయ్యాడు. భుజం మీద బరువైన పానాసోనిక్ కెమెరా, పక్కన సన్‌గన్ లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ కుర్రాడి వెనక పాములా జారే వైరు. ఎవరో ఒకరు దానికి తట్టుకుని పడేవారు. పడ్డవాళ్లు కూడా క్యాసెట్‌లో ఉండేవారు.

మద్రాసులో మన పెళ్లికి ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. కెమెరామ్యాన్ తమిళుడు. అతని లెక్కలో గట్టిమేళం మోగిందంటే తాళి కడుతున్నారని. మనకేమో అసలు సుముహూర్తం జీలకర్ర బెల్లం. అడ్డుతెరకి అటొకరు ఇటొకరు కూర్చుని ఒకరి తల మీద ఒకరు చెయ్యిపెట్టి, తెర దిగగానే మొదటిసారి చూసుకునే క్షణం. అప్పుడొకసారి గట్టిమేళం, మూడు ముళ్లప్పుడు మళ్లీ గట్టిమేళం. మొదటిది మోగేసరికి అతను తీరిగ్గా బ్యాటరీ మారుస్తుండేవాడు, లేదా “ఇంగె పారుంగ” అని ఇద్దరినీ తనవైపు తిప్పుకునేవాడు. ఒకరినొకరు చూసుకోవాల్సిన వధూవరులు కలిసి పానాసోనిక్ వైపు చూసిన పెళ్లిళ్లు టి.నగర్‌లో కొల్లలు. తెలివైన మేనమామలు తెల్లవారుజామునే అతనికి టిఫిను పెట్టించి, ఏది ఎప్పుడో అరవంలో విడమరిచి చెప్పేవారు.

తీసింది తీసినట్టు ఇచ్చేవారు కాదు. మిక్సింగ్ ఉండేది. కోడంబాకం, వడపళని సందుల్లో ఏసీ పెట్టిన ఇరుకు గది, రెండు డెక్కులు, ఒక మిక్సరు, సినిమాల్లో అదృష్టం కలిసిరాక ఇటు తిరిగిన ఒక కళాకారుడు. ముందు వినాయకుడు, తర్వాత వెంకటేశ్వరస్వామి, తర్వాత శుభలేఖ, తర్వాత మండపం బోర్డు. వరుడు తామరపువ్వులోంచి పుట్టేవాడు. వధువు హృదయం ఆకారంలో విచ్చుకునేది. ఎన్నడూ ఆగ్రా చూడని పెదనాన్న తాజ్‌మహల్ ముందు గిరగిరా తిరిగేవాడు. అప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు చూస్తే ఆ కళాకారుడు తనకి చేతనైన గారడీ అంతా మన పెదనాన్నకి ధారపోశాడనిపిస్తుంది.

కల్యాణానికి 1961 నాటి ‘సీతారామ కల్యాణం’ పాట. 1991లో బాపు రమణల ‘పెళ్లిపుస్తకం’ వచ్చాక ఆరుద్ర రాసి, కె.వి.మహదేవన్ స్వరపరచిన పెళ్లి పాట తెలుగిళ్ల క్యాసెట్లన్నిటికీ అధికార గీతమైపోయింది. మంచి పాటలే. చిక్కల్లా ఒక్కటే. పాట ఎక్కించాలంటే కింద ఉన్న శబ్దం చెరిపేయాలి. అప్పగింతల్లో బామ్మ మనవరాలి చేతులు పట్టుకుని ఏదో చెబుతుంది. పెదవులు కదులుతుంటాయి. వినిపించేది మాత్రం ఇళయరాజా వయొలిన్లు. ఆ పిల్లనడిగితే “ఏడుస్తున్నానండీ, ఏమందో గుర్తులేదు” అంటుంది. చాలాచోట్ల మాస్టర్ టేపు మీద మరో పెళ్లి తీసేసేవారు కాబట్టి ఆ మాట ఇక ఎక్కడా లేదు.

ఆ మూడు గంటల్లో మిక్సింగ్ కళాకారుడు చెయ్యి పెట్టని భాగం ఒకటుంది. భోజనాల పంక్తి. అందులో గారడీకి చోటు లేదు, పాట వెతికే ఓపికా అతనికి అప్పటికి అయిపోయేది. కెమెరా మొదటి అరిటాకు దగ్గర బయలుదేరి చివరి అరిటాకు దాకా నడిచేది. సన్‌గన్ వెలుగు కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్న బాబాయి, ముద్ద నోట్లో ఉండగా నవ్వలేక నవ్విన అత్తయ్య, “వాణ్ణి తియ్యి, నన్నెందుకు” అని కసిరిన తాతగారు, “గోంగూర ఇటు రాలేదు” అన్న కేక. ఫాస్ట్ ఫార్వర్డ్ బటను కనిపెట్టిందే ఈ భాగం కోసమని అప్పట్లో జోకు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పాత క్యాసెట్ ఆడిస్తే అందరూ ఆపి, వెనక్కి తిప్పి చూసేది ఇదొక్కటే. అందులో మొహాలున్నాయి, గొంతులున్నాయి. ఆ మొహాల్లో సగం ఇప్పుడు లేవు.

ఆ తర్వాత కథ కలగాపులగం. సీడీ, డీవీడీ, పెన్‌డ్రైవ్, క్యాండిడ్, జిమ్మీ జిబ్, డ్రోన్, మహాబలిపురం రాళ్ల దగ్గర ప్రీవెడ్డింగ్ షూట్, 2020లో యాభై మంది అతిథులూ ఒక లైవ్ లింకూ. దేని తర్వాత ఏదొచ్చిందో చరిత్రకారుడిక్కూడా వరస చెప్పడం కష్టం. వాహినీ స్టూడియో ఫ్లోర్లు నిలిచిన నేల మీద ఇప్పుడు ఆస్పత్రి, హోటలు, షాపింగ్ మాల్ ఉన్నాయి. మూడు గంటల క్యాసెట్ మూడు నిమిషాల టీజరైంది. అందులో దంపతులు అచ్చం సినిమా తారల్లా ఉంటారు. పంక్తి ఉండదు. బాబాయి అసలే ఉండడు.

సినిమా తారల పెళ్లి సంగతి మరీ విచిత్రం. బాపు చివరి సినిమా ‘శ్రీరామరాజ్యం’లో మన సీతమ్మ నయనతార. 2022 జూన్ 9న మహాబలిపురంలో దర్శకుడు విఘ్నేశ్ శివన్‌తో ఆమె పెళ్లి జరిగింది. పెళ్లి ముచ్చట్లతో కూడిన డాక్యుమెంటరీ 2024 నవంబరు 18న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. వాళ్లిద్దరి ప్రేమ మొదలైంది ‘నానుమ్ రౌడీదాన్’ షూటింగులో. తమ కథ చెప్పుకోవడానికి ఆ సినిమా ముక్క కావాలన్నారు. నిర్మాత ధనుష్ ఒప్పుకోలేదు. సెట్లో తీసిన మూడు సెకన్ల దృశ్యానికి 10 కోట్ల నోటీసు, ఆమె బహిరంగ లేఖ, ఆపైన మద్రాసు హైకోర్టు. ప్రేమ వాళ్లదే, బొమ్మ ఎవరిదన్నదే తగువు.

మనలాంటివాళ్లకీ చిన్న ఎత్తున అదే చిక్కు. కాపీరైటు చట్టం 52వ సెక్షను పెళ్లి ఊరేగింపులో, పెళ్లి సంబరాల్లో పాట వేసుకుంటే తప్పు పట్టదు. అదే పాట వీడియోకి అతికించి యూట్యూబ్‌లో పెడితే హక్కుదారు క్లెయిము వేయొచ్చు, శబ్దం ఆగిపోనూవచ్చు. ఒకప్పుడు పాట వచ్చి బామ్మ మాటని తుడిచేసింది. ఇప్పుడు ఆ పాటా పోయి మూగబొమ్మ మిగులుతోంది. పెళ్లి ఫిల్ము మనదనిపించాలంటే డ్రోన్ కన్నా ముందు కాలరు మైకు కావాలని నా అభిప్రాయం. ఒకటి పురోహితుడికి, ఒకటి పెళ్లికూతురికి పెట్టిస్తే కన్యాదానం నాడు తండ్రి గొంతు ఎలా ఉందో పాతికేళ్ల తర్వాత కూడా వినొచ్చు.

ఈ శ్రావణంలో ఇంట్లో పెళ్లి పెట్టుకున్నవారికి ఒక మాట. మీ కెమెరా అబ్బాయిని ముందురోజే పిలిచి, గట్టిమేళం రెండుసార్లు మోగుతుందని చెప్పండి. ఎవరు మేనత్తో, ఎవరు పెద్దముత్తయిదువో చూపించండి. టీజరు ఎలా కోసుకున్నా సరే, తీసిన ఫుటేజి మొత్తం, అసలు శబ్దంతో సహా, మీ హార్డ్‌డిస్కులోకి ఇమ్మని ఒప్పందంలోనే రాయించుకోండి. పాత క్యాసెట్ అటక మీద ఉన్నవారు ఇంకా తొందరపడాలి. వీసీఆర్‌లు చేస్తూ మిగిలిన చివరి కంపెనీ, జపాన్‌కి చెందిన ఫునాయ్, 2016 జులైలోనే తయారీ ఆపేసింది. 2015 డిసెంబరు వరదలో నానినవి పోగా మిగిలిన టేపులకి ఈ ఊరి తేమ బూజు పట్టిస్తోంది. మీ క్యాసెట్‌ని వెంటనే డిజిటల్‌లోకి మార్పించండి. మార్చేవాడు కొత్తగా పాట వేసిస్తానంటే మాత్రం వద్దనండి.