వెన్నరొట్టె బల్ల నుంచి బఫే దాకా

అతిథి తన పళ్ళెం తానే పట్టుకొని, అమర్చి ఉన్న పదార్థాల్లో నచ్చినవి వడ్డించుకొనే విందుకు బఫే అనే పేరు ఫ్రెంచి భాష నుంచి వచ్చింది. ఆ భాషలో ఈ మాటకు గిన్నెలు, పళ్ళేలు సర్దడానికి గోడవారన ఉంచే బల్ల అని అర్థం. పేరు ఫ్రెంచివారిదైనా, ఆ విందుకొక శాస్త్రం ఉందని లోకానికి చూపినవారు స్వీడన్ ప్రజలు. వారు దానిని స్మోర్గోస్‌బోర్డ్ అంటారు. స్మోర్గోస్ అంటే వెన్న రాసిన రొట్టె ముక్క, బోర్డ్ అంటే బల్ల.

దీనికి పూర్వరూపం బ్రెన్‌విన్స్‌బోర్డ్, అంటే సారా బల్ల. 18వ శతాబ్దపు సంపన్న గృహాల్లో అసలు భోజనానికి కూర్చోకముందు ఒక చిన్న బల్ల మీద రొట్టె, వెన్న, జున్ను, ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేపలు, వాటితోపాటు బట్టీలో దించిన సారా ఉంచితే, అతిథులు దాని చుట్టూ నిలబడి, మిగిలినవారు వచ్చేలోగా రెండు ముక్కలు నోట వేసుకొనేవారు. ఆ చిన్న బల్ల పూర్తి భోజనంగా పెరగడానికి రైలు బాగా తోడ్పడింది. 1862లో స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్ నగరాలను కలిపే ప్రధాన మార్గం పూర్తయ్యాక, బండి ఆగిన కాసేపట్లోనే ప్రయాణికులు కడుపు నింపుకోవలసి రావడంతో, ఒకే ధర చెల్లించి ఎవరికి వారు వడ్డించుకొనే ఏర్పాటు స్టేషన్ భోజనశాలల్లో స్థిరపడింది.

అంత తొందరలో పుట్టిన భోజనానికి అంత నిదానమైన నియమం ఏర్పడడమే ఈ చరిత్రలోని విశేషం. ఆ నియమం ప్రకారం తొలి పళ్ళెంలో హెర్రింగ్ మాత్రమే ఉండాలి: వెనిగరు, చక్కెర, ఉల్లిపాయలతో ఊరినదో, ఆవపిండి ముద్దలో నానినదో రెండు మూడు ముక్కలు, పక్కన ఉడికించిన బంగాళాదుంప. ఆ ఉప్పూ పులుపూ ఆకలిని లేపుతాయి. అయితే వాటి వాసన తక్కిన రుచులను మింగేస్తుంది కాబట్టి, ఆ పళ్ళెం అక్కడే విడిచి కొత్త పళ్ళెం తీసుకోవాలి. రెండో విడతలో సాల్మన్ వంటి చల్లని చేపలు, మూడో విడతలో చల్లని మాంసం ముక్కలు, నాలుగో విడతలో మాంసపు ఉండల వంటి వేడి వంటకాలు, చివరికి తీపి. 1960లలో స్టాక్‌హోమ్‌లోని ఒపేరాషెల్లరెన్ భోజనశాలలో, మరుగునపడుతున్న ఈ సంప్రదాయాన్ని టూరె వ్రెట్మన్ అనే పాకశాస్త్రవేత్త మళ్ళీ నిలబెట్టాడు.

ఈలోగా బల్ల దేశాలు దాటింది. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలోని స్వీడన్ భోజనశాలలో అది గుండ్రంగా తిరుగుతూ అమెరికన్లను ఆకట్టుకొంది. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ ఈ పద్ధతిని 'వైకింగ్' అనే పేరుతో ప్రవేశపెట్టగా, జపాన్‌లో బఫేకు నేటికీ అదే పేరు వాడుకలో ఉంది. లాస్ వేగాస్ జూదశాలలు మాత్రం ఆటగాళ్ళు బయటికి పోకుండా ఉండేందుకు తక్కువ ధరకు తిన్నంత పెట్టే విందుగా దానిని మార్చాయి. అక్కడ వరస పోయి పరిమాణమే మిగిలింది, అది ఈ విందుకు జరిగిన పెద్ద నష్టం.

వరసకున్న విలువ తెలుగువారికి కొత్తది కాదు. పంక్తి అనే మాట నుంచి వచ్చిన బంతి, అంటే వరసగా కూర్చుని చేసే భోజనం, ఆ విలువ మీదే నిలిచింది. విస్తట్లో కూర, పచ్చడి ముందే కనబడుతున్నా, తొలి ముద్ద పప్పూ నెయ్యీ కలిపినదే; ఆ తరవాత కూర, పచ్చడి, పులుసు, చారు, చివర పెరుగు, ఒక్కొక్కదానికి మళ్ళీ వేడి అన్నం. ఆ వరసను కాపాడే భారం వడ్డించేవారిది. వారు చారు గిన్నెతో వచ్చేదాకా ఎవరూ చారు కలుపుకోలేరు. స్మోర్గోస్‌బోర్డ్ ఆ భారాన్ని తినేవారి చేతిలో పెట్టి, వారికి నియమం కూడా నేర్పింది. తెలుగు పెళ్ళిళ్ళు బంతిని విడిచి బఫేకు మారినప్పుడు బల్ల వచ్చింది కాని, నియమం రాలేదు. అందుకే ఒకే పళ్ళెంలో గులాబ్‌జామ్ పాకం బిర్యానీలోకి పారుతుంది, పెరుగువడ వేపుడును తడిపేస్తుంది. వంట ఎంత కుదిరినా అక్కడ ఏ రుచీ విడిగా తెలియదు.

స్వీడన్‌లో డిసెంబరు నెలలో ఇప్పటికీ యూల్‌బోర్డ్ అనే క్రిస్మస్ విందు బల్లలు వేస్తారు. తొలి పళ్ళెంలో హెర్రింగ్ తిని, అది అక్కడే వదిలి, చేపల కోసం కొత్త పళ్ళెం అందుకొంటారు.