డయల్ అడుగున చిన్న అంకె

1950ల నాటి బ్రిటిష్ మోటారు సైకిళ్ళకు బిగించిన స్మిత్స్ మీటర్ల డయల్ అడుగున, కంటికి ఆనీ ఆనకుండా 1600 అనో 1000 అనో ఒక సంఖ్య ఉంటుంది. లోపలి కేబుల్ అన్ని చుట్లు తిరిగితే బండి ఒక మైలు నడిచినట్టు. పాత బీఎండబ్ల్యూ బండ్లలో డబ్ల్యూ అక్షరం పక్కన 0.773 లాంటి దశాంశం కనిపిస్తుంది. అది ఒక మీటరు దూరానికి కేబుల్ తిరగవలసిన చుట్ల లెక్క. ఈ చిన్న అంకెను చదవడం వచ్చినవాడికి ఒక సంగతి తెలుసు: స్పీడోమీటరుకు వేగం తెలియదు, చుట్లే తెలుసు. చుట్టుకు ఎంత దూరమన్నది తయారుచేసినవాడు ముందే లెక్కకట్టి పెట్టిన మాట. బండికి చక్రం మార్చి మీటరును పాతదే ఉంచితే ఆ మాట తప్పుతుంది. దాన్ని సరిచేయవలసిన చోటు సూది కాదు, చక్రానికీ మీటరుకూ నడుమ ఉన్న గేర్లు. ఈ పరికరం చరిత్ర పొడుగునా కనబడేది ఇదే.

రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ రెండు వేల ఏళ్ళ కిందట వర్ణించిన దూరమాపక బండిలో నాలుగు అడుగుల వ్యాసమున్న చక్రం నాలుగు వందల చుట్లు తిరిగితే ఒక మైలు పూర్తయి, ఒక గులకరాయి కంచు పాత్రలో పడేది. చక్రం కొలత మారితే గులకరాయి చెప్పే మైలూ మారిపోతుంది కనుక చక్రం వ్యాసం కూడా యంత్ర వర్ణనలో భాగమే. 1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కర్టిస్ వీడర్ సైకిళ్ళకు తెచ్చిన సైక్లోమీటరు ఇంకా ముక్కుసూటిది. స్పోక్‌కు బిగించిన చిన్న కొక్కెం చుట్టుకొకసారి నక్షత్రం లాంటి పళ్ళచక్రాన్ని తట్టేది. 26, 28, 30 అంగుళాల చక్రాలకు వేర్వేరు సైక్లోమీటర్లు అమ్మేవారు. కొనేవాడు ముందు తన చక్రం ఎంతో చెప్పాలి. చక్రం మార్చుకున్నవాడికి మీటరు కూడా మార్చాలని ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర లేకపోయింది.

ఆ తెలివిడి మరుగున పడడానికి ఒక కారణం 1902లో స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఒట్టో షుల్జె పేటెంటు పొందిన అయస్కాంతపు స్పీడోమీటరు అని నా అభిప్రాయం. అది గొప్ప ఆవిష్కరణే. కేబుల్ కొసన అయస్కాంతం గిర్రున తిరుగుతుంది. దానికి తగలకుండానే పక్కనున్న అల్యూమినియం గిన్నె ఆ ఊపుకు లాగబడి, సన్నని స్ప్రింగు ఆపినంత మేర మళ్ళి, సూదిని జరుపుతుంది. కానీ అదే పెట్టెలో కిలోమీటర్ల అంకెలను తిప్పేవి మాత్రం వార్మ్ గేర్లు. అంటే ఒకే కేబుల్ మీద రెండు పరికరాలు. స్ప్రింగును బిగించో, అయస్కాంతాన్ని కొంచెం బలహీనపరచో సూదిని దారికి తేవచ్చు, అంకెలకు ఆ మందు పనిచేయదు. సూదిని పీకి నాలుగు గీతలు వెనక్కి పెట్టడం ఇంకా అన్యాయం. చక్రం తెచ్చే తప్పు వేగంతో పాటు పెరిగే తప్పు కనుక, సూదిని జరిపితే ఒక్క వేగం దగ్గరే సరిపోయి మిగతా అంతటా తేడా ఉంటుంది. స్మిత్స్ వారి పాత క్రోనోమెట్రిక్ మీటర్లలో ఈ చిక్కు లేదు. గడియారం లాంటి యంత్రం క్షణక్షణానికీ చుట్లు లెక్కపెట్టేది, అందుకే సూది జారకుండా గెంతుతూ కదిలేది. అక్కడ సూదికైనా అంకెలకైనా గేరే దిక్కు.

లెక్క మన రోడ్ల మీది బండితోనే చూద్దాం. 1955లో మద్రాసులో కంపెనీ పెట్టి తయారుచేసిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350కి చాలాకాలం 3.25-19 టైర్లే ఉండేవి. రిమ్ము 19, టైరు ఎత్తు రెండు వైపులా కలిపి 6.5, మొత్తం 25.5 అంగుళాలు. కిలోమీటరుకు సుమారు 491 చుట్లు. అదే టైరును 18 అంగుళాల రిమ్ము మీద వేస్తే 24.5 అంగుళాలు, 511 చుట్లు. నిష్పత్తి సరిగ్గా 49కి 51. నిజంగా అరవైలో పోతుంటే మీటరు అరవై రెండున్నర దగ్గర చూపుతుంది. పది వేల కిలోమీటర్లకు నాలుగు వందల పైచిలుకు లేనివి ఎక్కుతాయి. కేబుల్‌కూ మీటరుకూ మధ్య చిన్న గేరు పెట్టె ఒకటి పెట్టి, 51 చుట్లు లోపలికి వస్తే 49 బయటికి పంపిస్తే సూదీ అంకెలూ ఒక్కసారే దారిన పడతాయి. కేబుల్ ఏ చక్రం నుంచి వస్తోందో మొదట చూడాలి. ముందు హబ్ నుంచి వచ్చే బండికి వెనక చక్రం ఒక్కటే మారిస్తే మీటరుకు పట్టింపే లేదు.

నాలుగు శాతానికి ఇంత హంగామానా అని అడగవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 117వ నియమం పది శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది కదా అనీ అనవచ్చు. ఆ సడలింపు పరికరం సహజ దోషానికి ఇచ్చింది. సూది ముందే ఐదారు శాతం ఎక్కువ చూపుతూ ఉంటే, దాని మీద ఈ నాలుగూ కలిసి హద్దు దగ్గరికి పోతాం. ఎక్కువ చూపితే రక్షణే కదా అన్న వాదం చిన్న చక్రానికే చెల్లుతుంది. 2.75-21 చక్రం ముందు వేసుకున్నవాడికి సూది అరవై చూపేటప్పుడు బండి అరవై రెండు దాటి ఉంటుంది. టైరు అరిగినా తేడా వస్తుంది కదా అంటే, వస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం ఎనిమిది తగ్గి, ఒక శాతం పైచిలుకు. అది నెమ్మదిగా వచ్చి కొత్త టైరుతో పోతుంది, రిమ్ము తెచ్చిన తప్పు ఉండిపోతుంది. ఫోనులో జీపీఎస్ ఉండగా మీటరెందుకన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. నిలకడగా పోయే వేగానికి జీపీఎస్ మంచి సాక్షి, సరిచేసిన గేరును పరీక్షించడానికి దాన్ని మించినది లేదు. అయితే ఆయిలు మార్చే గడువూ, బండి అమ్మేటప్పుడు కొనేవాడు చూసే అంకే ఫోనులో ఉండవు.

గేరు పెట్టె బిగించినా అప్పటిదాకా తప్పుగా ఎక్కిన కిలోమీటర్లు తగ్గవు. అందుకే చక్రం మార్చిన రోజు మీటరు అంకె ఎంత ఉందో, గేరు బిగించిన రోజు ఎంత ఉందో రెండూ సర్వీసు పుస్తకంలో రాసి పెట్టాలి. ఆ రెండిటి మధ్య తేడాను 49తో గుణించి 51తో భాగిస్తే ఆ కాలంలో బండి నిజంగా నడిచిన దూరం వస్తుంది.