గిటారుకు వేసిన ఫాల్

చేత్తో చేసిన గిటారుని దగ్గర నుంచి చూస్తే, పై పలక చుట్టూ సన్నటి తెల్లని పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాన్ని బైండింగ్ అంటారు. చీర అంచులా అందం కోసమే అనుకుంటాం. నిజానికి అది చేసేది చీరకి కుట్టే ఫాల్ చేసే పని. పలకా, పక్కచెక్కా కలిసే మూలలో చెక్క నారల కొసలు తెగి బయటపడి ఉంటాయి. తేమ పీల్చేదీ, దెబ్బ తగిలితే ముందు చిట్లేదీ అక్కడే.

19వ శతాబ్దంలో ఖరీదైన గిటార్లకు ఈ పట్టీని ఏనుగు దంతంతో వేసేవారు. 1833లో జర్మనీ నుంచి న్యూయార్క్ వచ్చిన సి.ఎఫ్. మార్టిన్ పేరుతో నడిచిన కంపెనీ కూడా తన మేలు రకాలకు దంతమే వాడింది.

దంతానికి పోటీ బిలియర్డ్స్ బల్ల మీద నుంచి వచ్చింది. బంతులకు దంతం చాలక, 1860లలో ఒక అమెరికన్ కంపెనీ బదులు పదార్థం కనిపెట్టినవాళ్ళకు 10,000 డాలర్లు ఇస్తామంది. ఆ వేటలో దిగిన జాన్ వెస్లీ హయట్ అనే ప్రింటర్, నైట్రోసెల్యులోజ్‌లో మనం హారతిచ్చే కర్పూరం కలిపి 1870లో పేటెంట్ తీసుకున్నాడు. అదే సెల్యులాయిడ్. దంతంలోని చారలు కూడా కనపడేలా చేసిన రకం పేరు ఐవొరాయిడ్. 1918 ప్రాంతంలో మార్టిన్ కంపెనీ దంతం మానేసి దానికి మారింది.

పనివాడికి ఇది వరమే. అంచు వెంట మిల్లీమీటరున్నర వెడల్పున గాడి తీసి, పట్టీని వేడి చేసి నడుము ఒంపులో వంచుతాడు. అసిటోన్ ఉన్న జిగురు ప్లాస్టిక్ పైపొరని కాస్త కరిగించి పట్టిస్తుంది. అంగుళానికో టేపు ముక్క చొప్పున బిగించి, ఆరాక చెక్కతో సమంగా గీకుతాడు.

చిక్కు తర్వాతెప్పుడో వస్తుంది. సెల్యులాయిడ్ ఏళ్ళ తరబడి కర్పూరం పోగొట్టుకుంటూ కుంచించుకుపోతుంది. చెక్క అంతగా కుంచించుకోదు. దాంతో పట్టీ దగ్గరిదారి వెతుక్కుని నడుము దగ్గర ఊడి నిలబడుతుంది. కొన్నిసార్లు కుళ్ళుతుంది కూడా. న్యూయార్క్‌లో జాన్ డాంజెలికో చేసిన గొప్ప గిటార్లు కొన్నింటి పట్టీలు ఇలాగే పొడిపొడి అయ్యాయి. మూసిన పెట్టెలో వాటినుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తీగల్నీ, మెట్లనీ తినేస్తుంది. పాత సినిమా రీళ్ళదీ ఇదే పదార్థం. మన తొలి టాకీలు చాలావరకు మిగలకపోవడానికి ఇదీ ఒక కారణం.

మరి పాత పట్టీ తియ్యాలా, ఉంచాలా? అన్నీ అసలువే ఉండాలంటారు కలెక్టర్లు. కాపాడటానికి వేసినది తినడం మొదలుపెట్టాక, ఉంచడం వల్ల పోయేది గిటారే. ఇవాళ చాలామంది ఏబీఎస్ ప్లాస్టిక్ వేస్తున్నారు, అది ఆమ్లం వదలదు. ఫాల్ చిరిగితే విప్పేసి ఇంకోటి కుట్టించుకుంటాం. చీర మారిందని ఎవరూ అనరు కదా.