నస్కల్ దంతముల కథ

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడిలో పత్తియు మిరపయు పండించు శ్రోతలకు నేల విలువ చెప్పనక్కరలేదు. గుంటూరు సీమను ఒరసి పారు కృష్ణలో వాడపల్లికడ మూసీ కలియుచున్నది. ఆ మూసీ వెంట ఎగువకు పోయినచో అది పుట్టిన అనంతగిరి కొండలు వచ్చును. ఆ ప్రాంతముననే, వికారాబాదునకు సమీపమున, నస్కల్ అను గ్రామము కలదు. మానవుని వంశవృక్షపు తొలి వేళ్లలో ఒకటి అచ్చట దొరకినదని పండితులు ఒకప్పుడు ఆశించిరి.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కను పీఠభూమిపై లావా పొరలు పొరలుగా ప్రవహించెను. ఒక ప్రవాహమునకును మరియొక దానికిని నడుమ మడుగులు ఏర్పడెను. వాని అడుగున పేరుకొన్న ఒండ్రులో ఆనాటి జీవుల అవశేషములు నిలిచిపోయినవి. నస్కల్‌లో ఆ మట్టిని నీట కడిగి సన్నని జల్లెడలతో గాలింపగా, మిరపగింజకన్న చిన్నవైన దంతములు లభించినవి. గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ 1988లో వానిని 'నేచర్' పత్రికలో ప్రకటించి, ఆ జీవికి 'దక్కనోలెస్టెస్ హిస్లోపి' అని పేరిడిరి. క్రెటేషియస్ యుగపు క్షీరదము భారతదేశమున వెలువడుట అదియే మొదలు.

1994లో ప్రసాద్, ఫ్రెంచి పండితుడు మార్క్ గోదినోతో కలిసి, చీలమండ ఎముకలను పరిశీలించెను. అవి చెట్లెక్కు జంతువుల ఎముకలను పోలియుండెను. మనుష్యులును, కోతులును, మన దేవాంగపిల్లియు చేరిన ప్రైమేట్ వర్గమునకు ఇది సమీప బంధువు కావచ్చునన్న ఆశ మొలకెత్తెను. 2010 నాటి పరిశోధన దానికి బలమిచ్చెను. కాని మరుసటి సంవత్సరమే అంజలి గోస్వామి ప్రభృతులు అనేక జంతువుల లక్షణములతో పోల్చి చూచి, దక్కనోలెస్టెస్ ప్రైమేట్ల దగ్గరి చుట్టము కాదనియు, మావి గల క్షీరదముల మొదలుకంటె ముందే చీలిన ప్రాచీన శాఖ యనియు నిర్ణయించిరి. చెట్లెక్కు నేర్పు ఒక్కటియే బంధుత్వమునకు సాక్ష్యము కాజాలదు. ఆ నిర్ణయముపై సంతకము చేసినవారిలో ప్రసాద్ కూడ ఒకరు.

మరి నిజమైన తొలి ప్రైమేట్లు మన దేశమున లేవా? కలవు. గుజరాతులోని సూరతు జిల్లా వస్తాన్ లిగ్నైటు గనిలో సుమారు 5 కోట్ల 40 లక్షల ఏండ్లనాటి దవడలు, దంతములు దొరకినవి. అవి అడాపిఫారమ్‌లు అను అంతరించిన ప్రైమేట్ వర్గమునకు చెందినవి. వానిలో ఒకదానికి 2005లో 'మార్క్‌గోదినోషియస్ ఇండికస్' అని పేరిడిరి. నస్కల్ చీలమండను పరీక్షించిన గోదినో పేరే అది.

చుట్టరికము తప్పినంతమాత్రమున నస్కల్ గౌరవము తగ్గలేదు. రాక్షసబల్లులు ఇంకను తిరుగాడుచున్న కాలముననే మన గడ్డపై చిన్న జంతువులు చెట్లెక్క నేర్చెనని ఆ గుప్పెడు మట్టియే మనకు తెలిపినది.